అవును సామీ, బ్యాంకు మారింది

మక్కాజిపల్లి వచ్చేలోపల వెంకటమ్మకు చెప్పేస్తాను. రైలు ఇప్పుడే ధర్మవరం వదిలింది, ప్లాట్‌ఫారం చివర పసుపు పలక కూడా ఇంకా దాటలేదు, కాబట్టి తొందరేమీ లేదు, గొంతు సవరించుకోవచ్చు, కిటికీలోంచి ఒకసారి ఉమ్మేసి మళ్ళీ సర్దుకొని కూర్చోవచ్చు, ఆ తర్వాత చెప్పవచ్చు. చెప్పవలసింది కూడా ఎంతో లేదు. వెంకటమ్మా, ఆ ఫోన్ ఎత్తింది నీ కూతురు కాదు, నేను. అంతే. ఎనిమిది మాటలు. పుట్టి బుద్ధెరిగాక నేను ఎనిమిది మాటల్లో ఏదీ చెప్పి ఎరగను. మా అవ్వ పోయిందని ఊళ్ళో చెప్పి రమ్మంటే, ఆమె పోయేముందు ఇంటి కప్పు మీద తెల్లకొంగ వాలిందని, ఆ కొంగ ముక్కుకు బంగారు పోత ఉందని చెబుతూ నిలబడ్డాను, అక్కడ శవం లేచే వేళకు నేనింకా మూడో ఇంటి దగ్గరే ఉన్నాను. కొంగ సంగతి మాత్రం ఊరంతా ఇప్పటికీ చెప్పుకుంటారు. నన్నే పిలిచి నాకే చెబుతారు.

వెంకటమ్మ ఎదురు సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. ఒళ్ళో గుడ్డసంచి, సంచిలో పట్టుచీర పెట్టే ప్లాస్టిక్ కవరు, కవరులో చీర లేదు, కూతురు పవిత్ర సర్టిఫికెట్లు ఉన్నాయి, పదో తరగతి మొదలుకొని డిగ్రీ దాకా. మగ్గం మీద కూర్చొని కూర్చొని ఆమె వీపు ముందుకు వంగిపోయింది, రైలు సీటులో కూడా మగ్గం గుంటలో కూర్చున్నట్టే కూర్చుంటుంది, కాళ్ళు తొక్కుతున్నట్టు కదులుతూ ఉంటాయి. మా ఊరి పిల్లే, పెనుకొండ దగ్గర మావి పక్కపక్క వీధులు, వరసకు చెల్లెలు. ధర్మవరంలో నేతపని వాళ్ళ ఇంటికి ఇచ్చారు. పొద్దున నేను వాళ్ళ ఇంటికి పోయి, నేనూ పవిత్రా పని చేసే చింతపండు మండీ యజమాని చెన్నకేశవులు గారు మిమ్మల్ని రమ్మంటున్నారు, పెద్దవాళ్ళ ముందర ఒక మాట అనుకుంటారంట అని చెబితే, ఆమె మొగుడు మగ్గం ఆపకుండానే, నేను వస్తే ఆయన గొంతు పట్టుకుంటాను, నువ్వే పో అన్నాడు. అందుకని ఈమె వచ్చింది. 

"అన్నా," అంది ఉన్నట్టుండి. "ఆ సామికి ఇంగ్లీషు చదవను వస్తాదా?"

"వస్తాదిలే."

"అయితే ఇవన్నీ ముందర పెడతా. ఫస్టు క్లాసులో పాసయిన పిల్ల దొంగతనం చేస్తాదా సామీ అని అడుగుతా. అడగొచ్చు కదన్నా?"

అడగొచ్చు చెల్లీ అన్నాను. ఇంకేమంటాను. ఫస్టు క్లాసు కాబట్టే ఆయనకు అనుమానం, చదువు రానివాడికైతే ఇంత మోసం చేత కాదని ఆయన లెక్క, ఆ లెక్కలోనే నేను తప్పించుకొని తిరుగుతున్నాను. వేలిముద్ర వాడిని కదా. మెయిల్ అంటే ఏమిటో కూడా నాకు మొన్న మొన్నటిదాకా తెలియదు. పవిత్ర చెబితే తెలిసింది, అది ఉత్తరమే గానీ కాగితం ఉండదు, చేతిరాత ఉండదు, చెమట వాసన ఉండదు, దుబాయిలో నొక్కితే హిందూపురంలో పడుతుంది. నేను మండీలో మూటలు మోసినవాడిని, తర్వాత బేరగాడినయ్యాను. మా బేరం టవలు కింద. ఇద్దరి చేతుల మీద టవలు కప్పుకొని వేళ్ళు పట్టి ధర చెప్పుకుంటాం, చుట్టూ వంద మంది నిలబడినా ఒక్కడికీ తెలియదు. కళ్ళు మూసుకొని ఆ వేళ్ళు తాకితే ఎవరిదో చెప్పేవాడిని. కోలారు వ్యాపారి చెయ్యి చల్లగా ఉంటుంది, చిక్కబళ్ళాపురం ఆయన ఉంగరం గుచ్చుకుంటుంది, ఇంకొకాయన ధర పెంచే ముందు వేలు వణుకుతుంది. మెయిల్ కింద ఎవరి చెయ్యి ఉందో ఎట్లా తెలుస్తుందమ్మా అని అడిగితే పవిత్ర, అదే తెలియదు మామా, అందుకే ఇన్ని జాగర్తలు అంది.

ఆ పిల్ల అన్నీ జాగర్తలే. మా చింతపండు దుబాయికి పోవాలంటే నాకు తెలిసి మూట, లారీ, ఓడ ఉంటే చాలు. పవిత్ర వచ్చాక చింతపండుకు జాతకం రాయడం మొదలైంది. పురుగు లేదని ఒక కాగితం, పొగ పెట్టామని ఒక కాగితం, ఏ చెట్టు ఏ మండలమో ఒక కాగితం, కొనేవాడు మంచివాడేనా, ఏ దేశమైనా వాడిని వద్దన్న జాబితాలో పెట్టిందా అని ఇంకొక చూపు. సంబంధానికి పోయినప్పుడు కూడా మనం ఇంత విచారించం కదమ్మా అంటే నవ్వేది. బ్యాంకువాళ్ళు బయటి దేశాలకు సరుకు పంపేవాళ్ళందరినీ ఒక హోటల్లో కూర్చోబెట్టి రోజంతా పాఠం చెప్పి అన్నం పెట్టి పంపారు. యజమాని తను పోకుండా ఆ పిల్లను పంపాడు. మర్నాడు వచ్చి ఆఫీసు గోడకు ఒక కాగితం అతికించి, నా కోసం గట్టిగా చదివింది. బ్యాంకు అకౌంటు మారిందని మెయిల్ వస్తే నమ్మకూడదు. మెయిల్లో ఉన్న ఫోన్ నెంబరుకు చెయ్యకూడదు, మన దగ్గర ముందునుంచి ఉన్న నెంబరుకే చేసి, తెలిసిన గొంతుతో మాట్లాడి కనుక్కోవాలి. ఒకరు కనుక్కుంటే ఇంకొకరు చూడాలి. త్వరగా, ఈ రోజే, ఎవరికీ చెప్పొద్దు అని రాసి ఉంటే అది దొంగే. ఇదే కాగితాన్ని మా సరుకు కొనే దుబాయి కంపెనీకి కూడా పంపింది, అక్కడి మేనేజరు గంగాధరప్పకు. ఆయన తుమకూరు వైపు మనిషి, ఎడారిలో కన్నడం మాట్లాడేవాడు దొరక్క నాతో ఫోన్లో మాట్లాడటానికి తపించిపోయేవాడు. పవిత్ర తల్లీ, నువ్వు చెప్పినట్టే చేస్తాం అని జవాబు రాశాడంట. చేశాడు. అక్షరం తప్పకుండా చేశాడు. అదే కదా వచ్చిన చిక్కు.

మక్కాజిపల్లి వచ్చింది. రైలు ఆగింది. ఒక్కరు దిగారు, ఒక్కరు ఎక్కారు, ఎక్కిన మనిషిని చూసి నేను ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాను. నాగన్న. మా మండీ హమాలీ. మొలతాడు లేకపోయినా బతుకుతాడు గానీ కబుర్లు లేకపోతే బతకడు, నా కథలు నాకంటే ముందు ఊళ్ళు చేరేది వాడి వల్లే.

"ఏమప్పా దేవదాసూ!" అని పెట్టె అవతలి నుంచే అరిచాడు. "ఎద్దు బావిలోంచి బయటికొచ్చెనా?"

పెట్టెలో నలుగురు తిరిగి చూశారు. వెంకటమ్మ కూడా.

"ఏం ఎద్దన్నా?" అంది.

ఎద్దు సంగతి ఇది. మెయిల్ దొంగలు మా పేరుతో, మా అడ్రసే అనిపించే అడ్రసుతో, దుబాయికి రాశారు, మా అకౌంటు మారింది, రెండు కంటైనర్ల డబ్బు కొత్తదానికి పంపండి అని. గంగాధరప్ప నమ్మలేదు. గోడ మీద కాగితం చెప్పినట్టు పాత నెంబరుకు ఫోన్ చేశాడు. మధ్యాహ్నం. పవిత్ర గోడౌనులో పొగ పెట్టిన మూటల మీద పట్టలు చూస్తోంది. ఫోన్ ఆమె బల్ల మీద మోగుతోంది. నేను ఎత్తాను. ఎత్తొద్దని ఆ పిల్ల చెప్పింది, ఎత్తితే ఏమనాలో కూడా నేర్పింది, నన్ను ఎదురుగా కూర్చోబెట్టి బడిపిల్లవాడికి నేర్పినట్టు. 'నాకు తెలీదు సామీ, పవిత్రను అడిగి చెప్తా' అను మామా. అనలేకపోయాను. తెలుసులే అమ్మా, నువ్వు పో అన్నాను. కాదు, తెలీదు అను. పన్ను పీకినట్టు అయింది. మూడోసారికి, నాకు తెలీదు సామీ, అయినా చెప్తా విను అన్నాను, ఆ పిల్ల తల బల్లకు ఆనించి నవ్వింది. మండీలో బేరగాడు తెలియదన్నాడంటే పక్కవాడి టవలు కిందకు పోతుంది వ్యాపారి చెయ్యి. ధర తెలియదా, సరుకు తెలియదా, రేపు వాన వస్తుందో తెలియదా, అయితే నువ్వెందుకు అంటారు. ముప్ఫై ఏళ్ళు ఆ మాట నోట్లోంచి రాకుండా తిండి సంపాదించుకున్నాను, ఇప్పుడు ముసలితనంలో ఎక్కడి నుంచి వస్తుంది?

"ఏనప్పా దేవదాసు, నిమ్మ బ్యాంకు చేంజాయితా?" అన్నాడు గంగాధరప్ప. బ్యాంకు మారిందా అని. ఎంత నిమ్మళంగా అడిగాడు, ఎంత మర్యాదగా. హౌదు సామీ అన్నాను. అవును, మారింది. నిన్ననే మా యజమాని వెంట నేనే పోయినా. కొత్త బ్యాంకు మేనేజరు మాకు ఎళనీరు తెప్పించె, ఆ లేత టెంకాయ కొట్టేవాడు ఒకే దెబ్బకు కొట్టె, నీళ్ళు ఒక్క చుక్క కింద పడలే. మా యజమాని సంతకం పెడతాంటే పైన ఫ్యాను దానంతట అదే ఆగిపాయ, లక్ష్మీదేవి వచ్చింది సామీ అని మేనేజరు లేచి నిలబడె. ఆయన నవ్వాడు, చాలాసేపు నవ్వాడు, నువ్వు చెబితే చాలు మహరాయా అన్నాడు, ఫోన్ పెట్టేశాడు. నేను కూడా నవ్వుతూ పెట్టేశాను. తర్వాత బయటికి పోయి బీడీ వెలిగించుకొని ఆ సంగతే మరిచిపోయాను. ఒక అబద్ధం చెప్పానని కూడా నాకు అనిపించలేదు. ఎవరైనా ఆకలి అంటే చేతిలో ఉన్నది పెట్టినట్టు, అడిగాడు, ఇచ్చాను.

నెల తర్వాత తెలిసింది. డబ్బు ఏ దేశంలోకో పోయి అక్కడి నుంచి ఇంకెక్కడికో పోయిందంట. దుబాయి కంపెనీ రాసింది: మీ ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కున్నాం, ఫలానా తేదీ, మీరు అవునన్నారు, మాకు సంబంధం లేదు. ఎవరు అవునన్నారో రాయలేదు. రాయవలసిన గంగాధరప్పను ఉద్యోగంలోంచి తీసేశారు. కథ విని నవ్వి డబ్బు పంపినందుకు. రోడ్డు మీద పోయే సేట్లను బతిమాలి ఆయన నెంబరుకు ఎన్నిసార్లు చేయించానో, స్విచాఫ్. ఆఫీసు ఫోన్లో కాల్ ఉంది, నాలుగు నిమిషాలు మాట్లాడినట్టు ఉంది, ఎత్తింది ఎవరో మాత్రం ఫోన్ చెప్పదు. ఫోన్ పవిత్ర బల్ల మీద ఉంటుంది. మెయిల్ తాళం పవిత్ర దగ్గర ఉంటుంది. యజమాని మమ్మల్నందర్నీ పిలిచి, ఆ పొద్దు ఎవరెవరు యాడుండిరి అని అడిగాడు. నా వంతు వచ్చింది. పవిత్ర నా పక్కనే నిలబడి ఉంది. నోరు తెరిచాను. మడకశిరలో ఉంటి సామీ అని వచ్చింది, చింతతోపు చూడను పోయింటి, ఆడ ఒక ఎద్దు బావిలో పడె, అని వచ్చింది. తర్వాత ఆగలేదు. బావి లోతు, ఎద్దు రంగు, దాని కొమ్ము విరిగి ఉండటం, చుట్టూ చేరిన ఆడవాళ్ళలో ఒకామె తన చీరకొంగుతో దాని కళ్ళకు గంతలు కట్టమనడం, నేను దిగడం, నీళ్ళలో అది నా భుజం మీద తల పెట్టి ఏడవడం. యజమాని ఆ గొడవలో కూడా నవ్వాడు. నీ యవ్వ, ఎద్దు ఏడ్చిందా అన్నాడు. ఏడ్చె సామీ అన్నాను.

"ఎద్దు ఏడ్చినేది చెప్పప్పా, ఈయమ్మ వినలేదంట," అన్నాడు నాగన్న నా పక్కన ఇరుక్కొని కూర్చుంటూ.

"వద్దులే."

"వద్దేంది? ఈయప్ప వద్దంటే రైలు పట్టాలు దిగుతాది! చెప్పమ్మా నువ్వన్నా."

వెంకటమ్మ నా వైపు చూసింది. ఆ ముఖం పది రోజులుగా అన్నం తినలేదు, నిద్ర పోలేదు, పెదాలు తెల్లగా పొరలు లేచి ఉన్నాయి. "చెప్పన్నా," అంది. "కొంచెంసేపు మనసు అటు పోతాది." నిజం చెప్పడానికి ఇదే అదను అనిపించింది. నాగన్న కూడా విన్నాడంటే ఇక వెనక్కి తీసుకోవడానికి ఉండదు, సాయంత్రానికి మండీ అంతా, రేపటికి కదిరి, నల్లచెరువు దాకా పోతుంది. ఆ ఎద్దు లేదు, ఆ బావి లేదు, ఆ పొద్దు నేను ఆఫీసులోనే ఉన్నాను అంటే చాలు. ఆమె చూస్తూనే ఉంది, ఎండిన పొలం మబ్బును చూసినట్టు. చెప్పాను. ఎద్దును చెప్పాను. ఈసారి బావిలో పాము కూడా వచ్చింది, అంతకు ముందు లేదు, ఎందుకు వచ్చిందో నాకూ తెలియదు. పాము ఎద్దు కొమ్ముకు చుట్టుకొని మాతో పాటు పైకి వచ్చి, అందరికీ పడగ వంచి పోయింది. నాగన్న తొడ చరుచుకున్నాడు. అవతలి సీటు ముసలాయన, పడగ వంచెనా, మర్యాద తెలిసిన పాము అన్నాడు. వెంకటమ్మ నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకొని, భుజాలు కదిలేట్టు, కళ్ళలో నీళ్ళు వచ్చేట్టు నవ్వింది, తర్వాత ఆ నీళ్ళు ఆగలేదు, నవ్వు ఆగిపోయినా అవి మాత్రం వస్తూనే ఉన్నాయి.

"ఏ పొద్దన్నా అది?" అని అడిగింది ముక్కు తుడుచుకుంటూ.

"ఆ దుబాయి ఫోన్ వచ్చింది చూడు, ఆ పొద్దే," అన్నాడు నాగన్న. "ఈయప్ప ఆఫీసులో ఉండింటే ఆ ఫోన్ ఈయప్పే ఎత్తింటాడు, ఈ గొడవే ఉండేది కాదు."

"దేవుడు ఆ పొద్దే నిన్ను ఎద్దు కాడికి పంపించల్లనా అన్నా," అంది వెంకటమ్మ.

పెనుకొండ కొండ కనిపిస్తోంది. ఎండలో బండలు తెల్లగా, కోటగోడ ఒక చోట ఉండి ఒక చోట లేకుండా. చిన్నప్పుడు ఆ కొండ మీద నుంచి నా చెప్పు విసిరితే గోరంట్లలో పడిందని చెప్పేవాడిని, శామ్యూల్ ఫాదరు నన్ను చర్చి ముందు నిలబెట్టి, దేవదాసూ, అబద్ధం ఆడితే నాలుక మీద పుండు లేస్తుంది అన్నాడు. నేను నాలుక చాపి చూపించాను. ఎర్రగా, శుభ్రంగా ఉంది. ఆయనే నవ్వి తల మీద మొట్టాడు. ఎవరూ ఎప్పుడూ నన్ను గట్టిగా కొట్టలేదు, అదే తప్పయింది. కల్లు దుకాణంలో, మండీలో, పెళ్ళిళ్ళలో, చావుల్లో, దేవదాసు వచ్చాడంటే జరిగి చోటు ఇచ్చేవారు. కూలీ దొరకని రోజుల్లో కథ చెప్పి రాగిముద్ద తిన్నాను. యజమాని నన్ను ఇన్నేళ్ళు పనిలో ఉంచుకుంది కూడా బేరం కోసం కాదు, వ్యాపారులు నా మాటలకు నవ్వి మెత్తబడతారని. నవ్వినవాడి చెయ్యి టవలు కింద వదులవుతుంది. ఆ నవ్వు దుబాయి దాకా పోతుందని, పోయి ఇద్దరి బతుకులు తుడిచిపెడుతుందని ఎవరు అనుకున్నారు. గంగాధరప్పకు ఇద్దరు ఆడపిల్లలు, చిన్నదానికి తుమకూరులో ఇల్లు కట్టిస్తున్నానని చెప్పేవాడు. ఆ ఇంటికి కప్పు పడిందో లేదో.

పెనుకొండలో నాగన్న దిగిపోయాడు, బావమరిది ఇంటికి పోయి సాయంత్రం బస్సుకు వస్తాడంట. ఇక మేమిద్దరమే. ఇప్పుడు చెప్పాలి. మలుగూరు వచ్చేలోపల. కానీ ఇప్పుడు చెప్పాలంటే ముందు ఎద్దును చంపాలి, పామును చంపాలి, ఆమె నవ్విన నవ్వును వెనక్కి తీసుకోవాలి. వెంకటమ్మ సంచి తెరిచి కవరు తీసి, ఒక్కొక్క కాగితం ఒళ్ళో పరిచింది. అక్షరం రాకపోయినా ఏది ఏదో తెలుసు ఆమెకు, ముద్రల రంగును బట్టి.

"ఇది యాడిదో చెప్పు," అని ఒకటి నా ముందర పెట్టింది.

నాకు మాత్రం చదవడం వస్తుందా. "కలెక్టరు ఇచ్చినేది మాదిరి ఉండాది," అన్నాను.

"కాదు. కస్టమ్సు పరీచ్చకు కట్టిన కాగితం. అది పాసయితే ఓడరేవులో సరుకు ఇడిపించే కార్డు ఇస్తారంట. ఆడపిల్లలు మన పక్క ఎవరూ తీసుకోలేదంట అన్నా. పోలీసు కేసు ఉంటే ఇయ్యరంట కదా?"

ఇవ్వరు. పవిత్ర నాకు చెప్పింది. మనిషి మీద మచ్చ ఉంటే ఆ కార్డు రాదు మామా, అందుకే నేను ఏ కాగితం మీదా చూడకుండా సంతకం పెట్టను. మధ్యాహ్నం అన్నం బాక్సు పక్కన పుస్తకం పెట్టుకొని చదివేది, ఒక చేత్తో ముద్ద, ఒక చేత్తో పేజీ. నేను ఆ పేజీల మీద చింతగింజలు పెట్టేవాడిని గాలికి ఎగరకుండా. యజమాని ఆ పిల్ల తప్పు ఒప్పుకొని రాసిస్తే పోలీసు స్టేషనుకు పోనని అన్నాడు, ఆ పిల్ల రాయనంది. చెయ్యని దానికి రాస్తే రికార్డు తప్పవుతుంది సామీ అంది. రికార్డు తప్పవుతుందంట. అందుకని ఈ రోజు శుక్రవారం, రాహుకాలం పన్నెండుకు పోతుంది, పన్నెండు దాటాక పిటిషను ఇస్తానన్నాడు. దొంగను పట్టించడానికి కూడా మంచి గడియ కావాలి. అది టైపు చేయించి ఉంచాడు, అందులో పేరు ఒకటే.

మలుగూరు ఎప్పుడు పోయిందో నేను చూడలేదు. హిందూపురం స్టేషనులో దిగాం, ఆటో ఎక్కాం, ఆటోవాడు ఏదో అడిగాడు, నేను ఏదో చెప్పాను, వాడు నవ్వాడు. మార్కెట్టు యార్డు దగ్గర పుల్లటి వాసన మొదలైంది. ఆ వాసన తగిలితే నాకు ఎప్పుడూ ఆకలి వేస్తుంది, ఈ రోజు వెయ్యలేదు. వెంకటమ్మ దిగి, కొంగు భుజం నిండా కప్పుకొని, కవరు రొమ్ముకు ఆనించి పట్టుకుంది.

లోపల చెన్నకేశవులు గారు కుర్చీలో, పవిత్ర ఒక పక్క గోడకు ఆనుకొని నిలబడి. ఆమె బల్ల మీద ఏమీ లేవు, పుస్తకం లేదు, ఫోన్ లేదు. తల్లిని చూసి కదలలేదు, కళ్ళు మాత్రం దించుకుంది. యజమాని మనిషి చిక్కిపోయి ఉన్నాడు, అది కూడా చెప్పాలి. చింతపండు ఇచ్చిన రైతులు ఇంటి ముందర కూర్చుంటున్నారంట, ఆయన కూడా సరిగ్గా తిని ఎన్నాళ్ళయిందో. వెంకటమ్మ కవరు తెరవబోయింది. నేను ముందుకు వచ్చాను. గోడ గడియారం పన్నెండుకు ఏడు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఊపిరి పీల్చుకున్నాను. కొంగ లేదు, ఎద్దు లేదు, ఎళనీరు లేదు.

"సామీ, ఆ ఫోన్ ఎత్తింది పవిత్ర కాదు, నేను. బ్యాంకు మారిందని గంగాధరప్పకు చెప్పింది నేను."

వచ్చింది. బయటికి వచ్చింది. ఇంత చిన్నగా, ఇంత సన్నగా, బియ్యంలో రాయి మాదిరి. పవిత్ర తల ఎత్తింది.

యజమాని కళ్ళజోడు తీశాడు. ఆయన కళ్ళలో తడి ఉంది.

"దేవదాసూ," అన్నాడు, "ఇన్నేండ్లలో నువ్వు చెప్పిన కతల్లో ఇదొకటే నాకు నవ్వు రాలేదప్పా."

"కత కాదు సామీ."

"నువ్వు ఆ పొద్దు మడకశిరలో ఉంటివి. నువ్వే చెప్తివి, ఇదే రూములో."

"అది అబద్ధం సామీ. ఎద్దూ లేదు, బావీ లేదు."

"ఎద్దు ఉండాది," అన్నాడు మెత్తగా, పిల్లవాడిని సముదాయించినట్టు. "ఈ ఆడబిడ్డ ఏడుపు చూడలేక వచ్చినావు, నాకు తెలీదా? ఏమమ్మా, దావలో ఏమన్నా చెప్పె నీకు?"

వెంకటమ్మ బెదిరి నా వైపు, ఆయన వైపు చూసింది. ఆమెకు అబద్ధం ఆడటం రాదు. "ఎద్దును తీసింది ఆ పొద్దే అని చెప్పె సామీ. పాము గూడా వచ్చెనంట," అంది.

"చూస్తివా," అన్నాడు యజమాని.

"సామీ, ఈయన్ని అడగండి," అంది పవిత్ర. "గంగాధరప్ప సార్ ఏమడిగిరి, ఈయన ఏం చెప్పె, మాట మాట రాసుకోండి. ఆయప్ప ఎప్పుడన్నా దొరికితే సరిపోల్చొచ్చు. మామా, చెప్పు. ఏం చెప్తివి ఆయప్పకి?"

చెప్పాను. ఏమని చెప్పాను? జరిగిందే చెప్పాను. బ్యాంకు మేనేజరు ఎళనీరు తెప్పించాడని చెప్పినా సామీ. ఒకే దెబ్బకు కాయ కొట్టినారని. మీరు సంతకం పెడతాంటే ఫ్యాను ఆగిపోయిందని, లక్ష్మీదేవి వచ్చిందని. నేను చెబుతున్న కొద్దీ యజమాని ముఖంలో నవ్వు రావడం కనిపించింది, జాలి నవ్వు, ఆయన ఆపుకుంటున్నా వస్తోంది. ఫ్యాను దగ్గరకు వచ్చేసరికి చెయ్యి ఎత్తి ఆపాడు. చాలప్పా, చాలు అన్నాడు. పవిత్ర కళ్ళు మూసుకుంది. ఆ పిల్ల ఒక్కతే నమ్మిందని అప్పుడు తెలిసింది నాకు.

"నీ అంత మనసున్నోడు నాకు ఇంకొకడు లేడు," అన్నాడు యజమాని లేచి, నా భుజం మీద చెయ్యి వేసి. "నీ మీద వేసుకొని ఆ పిల్లను తప్పించల్లని చూస్తివి. నిన్ను నేను జైలుకు పంపుతానా? పో, ఇంటికి పోయి పడుకో." గడియారం చూశాడు. బల్ల మీద టైపు కొట్టిన కాగితం తీసి మడిచి, జేబులో పెట్టుకొని, చెప్పులు వేసుకున్నాడు. గడపలో ఒకసారి ఆగి, ఆడ కూర్చోమ్మా, నీళ్ళు తాగు అని వెంకటమ్మతో అన్నాడు. తర్వాత కారు తలుపు పడిన చప్పుడు వినిపించింది.

వెంకటమ్మ కూర్చోలేదు. కవరు నేల మీద జారిపోయింది, ఆమె తీసుకోలేదు. నా దగ్గరికి వచ్చింది. నన్ను చూసిన ఆ చూపు, దేవుడా, ఇన్నేళ్ళు కథలు చెప్పినా నన్ను ఎవరూ అట్లా చూడలేదు. "నా బిడ్డ కోసం నిందను నీ మీద వేసుకోను వచ్చినావా అన్నా," అంది. "సొంత అన్న గూడా ఇంత చెయ్యడు." వంగి నా కాళ్ళు పట్టుకుంది. మగ్గం తాళ్ళు లాగి లాగి కాయలు కాచిన అరచేతులు, గరుకుగా, వేడిగా.

"లెయ్ మా," అంది పవిత్ర గోడ దగ్గర నుంచి. "ఆయన కాళ్ళు పట్టుకోవద్దు. లెయ్."

తల్లి లేవలేదు. నేను కాళ్ళు వెనక్కి తీసుకోలేదు.